గొంగడి రుద్దిన చేతులు

వాడు బతికాడు. ముందు ఆ మాట చెప్పేస్తాను. వారం నుంచి ఆగినవాళ్ళకు ఆమాత్రం చెప్పకపోతే పాపం.

పోయినసారి ఎక్కడ ఆపానో గుర్తుందా? నాగర్‌కర్నూల్‌లో షాపు పని ముగించుకుని, సాయంత్రం కోడేరులో బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టాను. రెండేళ్ళ నా కొడుకు ఆశీర్వాదం వాళ్ళ అవ్వ, అంటే మా అత్తమ్మ ఒళ్ళో సోలిపోయి ఉన్నాడు. ఒళ్ళంతా దద్దుర్లు. కింది పెదవి ఉబ్బి పక్కకు వేలాడుతోంది. పెదవి కింద గదవ మీద ఎర్రటి పల్లిపొట్టు ఒకటి అంటుకుని ఉంది. పల్లీ వాడి ఒంటికి పడదని, పొరపాటున కూడా నోట్లో పడనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పి అప్పటికి నెల తిరగలేదు.

ఆ తర్వాత ఆటో, దవాఖాన, సూది మందు, ముక్కుకు గొట్టం. మా అత్తమ్మ ఆటో ఎక్కబోతే నేనే వద్దన్నాను. తెల్లవారేసరికి వాడి పెదవి దిగింది, నీళ్ళు తాగాడు, మమ్మల్ని ఇంటికి పంపించేశారు. పంపేముందు డాక్టరమ్మ నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మళ్ళీ ఇట్లయితే గొంతు మూసుకుపోవచ్చమ్మా. కోడేరు నుంచి ఇక్కడిదాకా వచ్చే టైం కూడా ఉండకపోవచ్చు" అని మెల్లగా చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పన్ను పీకించుకున్నాక చెంప మొద్దుబారి ఉంటుంది చూడండి, నా ఒళ్ళంతా అలాగే ఉంది. బస్సులో ఎవరో కాలు తొక్కి "సారీ అక్కా" అన్నారు. తొక్కిన సంగతి ఆ మాట విన్నాకే తెలిసింది.

బస్సు దిగి ఎక్కిన ఆటో ఇంటి ముందు ఆగేసరికి అత్తమ్మ పుష్పమ్మ వాకిట్లో నిలబడి ఉంది. నిన్నటి చీరే. మామ శాంతయ్య అరుగు మీద కూర్చుని నొప్పిపెట్టే మోకాలు పట్టుకుని ఉన్నాడు. అత్తమ్మ చేతులు చాచింది. నేను పిల్లవాడిని ఇవ్వలేదు. లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, తలుపు దగ్గరికి లాగి బయటికి వచ్చాను.

"ఎంత పెట్టినవ్ అత్తమ్మా?" అన్నాను.

"ఏంది, ఎంత పెట్టిన?"

"పల్లీలు. ముద్ద చేసి పెట్టినవా, గింజలే ఇచ్చినవా?"

"నీ నోట్ల మన్నువడ! నేనెందుకు పెడత? డాక్టరమ్మ చెప్పింది నాకు ఇనపడలేదా?"

"వాని గదవకు పొట్టు అంటుకోని ఉండె. నేనే తీసిన."

"ఇంటినిండ పొట్టే ఉంటది. గాలికి లేశి అంటుకోదా?"

ఇంటినిండా పొట్టే. ఆ మాట మాత్రం నిజం. మా వైపు సంగతి తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. విత్తనానికి పెట్టే పల్లికాయను మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు. అందుకని దాన్ని ఆడవాళ్ళే చేత్తో ఒలవాలి. వనపర్తి నుంచి సేటు కాయ బస్తాలు ఇంటికే పంపుతాడు. గింజ వేరు చేసి ఇస్తే కూలి. యాసంగి పల్లీ వేసే ముందర మా వాడలో ఏ వాకిలి చూసినా ఇదే పని, ఇదే టపటప. మా అత్తమ్మ లంగా జాకెట్టు వేసుకునే వయసు నుంచి ఒలుస్తోంది. కాయ వైపు చూడదు. మాట్లాడుతూ, తిడుతూ, ప్రార్థన పాటలు పాడుతూ ఒలిచేస్తుంది. ఆమె ఒలిచిన కూలితోనే నా మొగుడు ప్రశాంత్ పదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు పూణెలో జేసీబీ నడుపుతున్నాడు.

ఇక తిండి సంగతి చెప్పనక్కర్లేదు. చట్నీ పల్లీ, కారప్పొడి పల్లీ, వంకాయ కూరలో పల్లీ, పండక్కి పల్లిపట్టీ. నెల క్రితం మొదటిసారి ఆశిగాడి ముఖం వాచి దవాఖానకు తీసుకెళ్ళినప్పుడు, పల్లీ పడదన్న మాట వినగానే అత్తమ్మ నవ్వేసింది.

"పల్లి పడకుంటె పాలమూరుల ఎట్ల బతుకుతడమ్మా? నా కొడుకుకు పాల పండ్లు రాకముందే నూరి నాకిపిచ్చిన. దుక్కలెక్క పెరిగిండు."

డాక్టరమ్మ కూడా నవ్వింది. "మీరు చేసింది తప్పేం కాదమ్మా. చాలామంది పిల్లలకు చిన్నప్పటి నుంచే మెత్తగా నూరి కొంచెం కొంచెం పెడితే మంచిదే. కానీ ఇతని ఒళ్ళు పల్లీని శత్రువనుకుంటోంది. పెడుతూ ఉంటే అలవాటైపోతుందని మాత్రం అనుకోకండి. జీడిపప్పు, బాదం, నువ్వులు కూడా పరీక్ష చేయించేదాకా వద్దు. పొద్దుతిరుగుడు గింజలో గుమ్మడి గింజలో వేయించి, నూరి, కొద్దిగా పెట్టి చూడండి."

చూశాం. కొత్త మిక్సీ గిన్నె కొన్నాను, వాడికి వేరే చెంచా, వేరే డబ్బా. పొద్దుతిరుగుడు గింజలు నూరితే బూడిద రంగులో ముద్ద వచ్చింది. "బర్రెకు పెట్టే చెక్క తీర్గున్నది" అని అత్తమ్మ ముక్కు చిట్లించింది. వాడు మొదటిరోజు నా ముఖం మీదే ఉమ్మాడు. ఇంత బెల్లం కలిపి రొట్టెకు పూస్తే నాలుగో రోజుకు తిన్నాడు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. ఎంత తెలివి నాది!

"బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు అత్తమ్మా. పెట్టలేదని చెప్పు."

"ఒట్టు పెట్టొద్దని వాక్యంలనే ఉన్నది."

"అంటే పెట్టినవన్నట్టె."

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. నడుముకు కొంగు చుట్టింది. మా అత్తమ్మ కొంగు చుట్టిందంటే అటు పక్క మూడిళ్ళ వాళ్ళు టీవీ కట్టేస్తారు.

"ఏందే ఊకె పెట్టినవ్ పెట్టినవ్ అంటవు? సీసా తెచ్చింది ఎవలు? నేనా? పీనట్ బట్టరని, బలమని, రోజు పొద్దుగాల రొట్టెకు పూసి పూసి పెట్టింది ఎవలు? పిల్లగాడు రాతిరంత గోకుతుండే, దగ్గుతుండే, ఏందో చూడు సలోమి అని చెప్తె, దుమ్ముకు అత్తమ్మా అన్నది ఎవలు? నీ అవ్వ అన్నదా, నా అవ్వ అన్నదా?"

నేనే అన్నాను. నెల క్రితం వాడి ముఖం వాచకముందు ఆ సీసా తెచ్చింది కూడా నేనే. నేను పనిచేసే షాపులో చిన్నపిల్లల సామాన్ల అరలోనే ఉంటుంది అది, మూత మీద బొద్దుగా నవ్వే పిల్లవాడి బొమ్మతో. మా అత్తమ్మ రోట్లో నూరే ముద్ద కన్నా అది గొప్పదనుకున్నాను. అందులో ఉన్నదీ పల్లీయే అన్న సంగతి నాకు తెలియక కాదు. సీసాలో ఉంటే వేరే వస్తువు అనిపిస్తుంది, అంతే.

ఆ దెబ్బ నాకు గట్టిగా తగలాల్సింది. తగిలినట్టే ఉంది కానీ నొప్పి తెలియలేదు.

"ఊకోర్రి ఇద్దరు. వాడకట్టంత ఇంటున్నది" అన్నాడు మామ.

"ఇననియ్. నన్ను దొంగను చేస్తున్నది నీ కోడలు."

"దొంగ అనలే. నిన్న పొద్దుగాల నేను పోయినంక ఏమైందో చెప్పు, చాలు" అన్నాను.

నా గొంతు నాకే చల్లగా వినిపించింది. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. అరవలేదు కాబట్టి అరుగు అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

"బువ్వ తిన్నడు. నువ్వు నూరి పెట్టిన ముద్దే, రొట్టెకు పూసి ఇచ్చిన. చెయ్యి కడుక్కోనే ఇచ్చిన. ఇంతల జామచెట్టు కింద ఆడుకుంట చీమల పుట్ట మీద కూసున్నడు. లబలబ మొత్తుకుంట ఉరికొచ్చిండు. వీపంత దద్దులు లేసినై. చీమలు కుట్టినై గదా, గొంగడి పరిశి పండబెట్టి, గొంగడి కొసతోని రుద్దిన."

మా పక్కన దద్దుర్లు లేస్తే ఎవరైనా చేసే పని అదే. నల్ల గొంగడి మీద పొర్లిస్తారు, ఉన్నితో గీరుతారు. దురద పోయినట్టుగా ఉంటుంది. నా చిన్నప్పుడు మా అమ్మ నాకూ రుద్దింది. ఆ పని చేసినందుకు పాలమూరులో ఏ ముసలమ్మనూ ఎవరూ తప్పు పట్టరు.

"ఏ గొంగడి?" అన్నాను.

"మనింట్ల ఎన్ని గొంగళ్ళున్నయే? గదే."

గొంగడి దండెం మీద ఉంది. రోజూ పొద్దున దాన్ని పరుచుకుని, దాని మీదే కూర్చుని, చుట్టూ కాయ పోసుకుని ఒలుస్తుంది. సాయంత్రం ఒకసారి విదిలించి దండెం మీద వేస్తుంది.

నేను వెళ్ళి దాన్ని లాగాను. బరువుగా ఉంది. రెండు కొసలు పట్టుకుని వాకిట్లో దులిపాను. మొదటి దులుపుకు ధూళి లేచింది. రెండో దులుపుకు పొట్టు రాలింది. ఎర్రటి పొట్టు, గింజ పలుకులు, పొడి. ఉన్నిలో ఇరుక్కున్నది ఇంకా మిగిలే ఉంది. దులుపుతూనే ఉన్నాను. రాలుతూనే ఉంది. నా కాళ్ళ చుట్టూ నేల ఎర్రబడింది.

మామ అరుగు మీద నుంచి లేచాడు.

అత్తమ్మ ఆ పొట్టునే చూస్తోంది. ఆమె ముఖంలో కోపం ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"గొంగడి కొస నోట్లె పెట్టుకోని చీకిండు" అన్నది. ఎవరితోనో చెబుతున్నట్టు లేదు. "నిమ్మలమైండనుకున్న. జోలపాట పాడిన. మల్ల లేసినై. కడుపు మీద, మెడ మీద. లేసినకొద్ది రుద్దిన. రుద్దినకొద్ది లేసినై. ఇంకింత గట్టిగ రుద్దిన సలోమీ."

నాకు ఆమె మీద జాలి వేయాలి. తప్పు లేని మనిషిని దొంగను చేసినందుకు సిగ్గు వేయాలి. రెండూ ఎక్కడో ఉన్నాయి, దూరపు ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నట్టు వినిపిస్తున్నాయి. నాకు దగ్గరగా ఉన్నది ఒక్క మాటే. మళ్ళీ ఇట్లయితే గొంతు మూసుకుపోవచ్చు.

"ఇగ ఈ ఇంట్ల పల్లికాయ దిగొద్దు మామా" అన్నాను.

మామ మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. "ఇయ్యాలనే బస్తాలొస్తున్నయి బిడ్డా. సేటుకు మాటిచ్చిన. ఆటో నడిపే తిరుపతి ఏసుకోని బయలెల్లిండంట."

"వాపస్ పంపు."

"పంపితె మల్ల పిలుస్తడా? నా కాలు గిట్లాయె. కూలికి పోను. ప్రశాంత్‌కు పని ఉంటె ఉన్నట్టు, లేకుంటె లేనట్టు. నువ్వు డ్యూటీకి పోతివి. ఇంట్ల కూసోని చేసే పని ఇదొక్కటే గదా."

"బస్తాలన్న ఉండాలె, నా కొడుకన్న ఉండాలె. రెండు ఉండయి."

ఈ మాట అత్తమ్మ వైపు చూడకుండానే అన్నాను. మామ గడ్డం గీక్కున్నాడు. "బుజ్జమ్మ ఇంట్ల దించుకుంటె? ఇల్లు పెద్దది, ఒక్కతే ఉంటది" అన్నాడు.

బుజ్జమ్మ మా అత్తమ్మకు సొంత చెల్లెలు. పక్క ఊళ్ళోనే ఉంటుంది. వాళ్ళ అమ్మ చచ్చిపోయిన రోజు, శవం ఇంకా లేవకముందే, అక్కాచెల్లెళ్ళకు మాటామాటా పెరిగింది. ఆనాటి నుంచి ఇద్దరూ చర్చిలో కూడా ఒకే వరసలో కూర్చోరు. మామ ఆ పేరెత్తితే మామూలుగా అయితే గిన్నెలు ఎగరాలి. అత్తమ్మ తల కూడా ఎత్తలేదు.

అప్పుడే తలుపు కిర్రుమంది. ఆశిగాడు లేచాడు. మంచం దిగి, చెడ్డీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చాడు. నన్ను దాటి నేరుగా వాళ్ళ అవ్వ దగ్గరికి వెళ్ళాడు. నేను పొద్దున పోయి సాయంత్రం వచ్చేదాన్ని. వాడికి ఆకలైనా నిద్రొచ్చినా ఆమే. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"అవ్వా, ఎత్తు."

అత్తమ్మ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

"అవ్వా!"

ఆమె వెనక్కి జరిగింది. వాడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆమె గోడకు ఆనుకుంది. వాడికి ఇది ఆట అనిపించింది కాబోలు, కిలకిలా నవ్వి ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆమె కొంగు లాక్కుంది. ఒక్కసారిగా వాడి ముఖం మారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక వాడి అవ్వ వాడిని కాదన్నది ఇదే మొదలు.

"సబ్బుతోని కడుక్కోని ఎత్తుకో అత్తమ్మా. చీర మార్చుకో" అన్నాను. "ఏం కాదు."

"ఎన్నిసార్లు కడుగుదు?" చేతులు బయటికి తీసి తనే చూసుకుంది. బొటనవేళ్ళ గోళ్ళు మొద్దుగా, మట్టి రంగులో ఉన్నాయి. గోటి సందుల్లో ఎర్రటి చార. "నిన్న గూడ కడిగిన పిల్లా. కడిగే వానికి రొట్టె పెట్టిన. బుద్ధెరిగినకాంచి ఇవే చేతులు. ఇవి నాతోనే పోతయి."

వాడు నేల మీద కూర్చుని ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఎర్రటి పొట్టుకు నాలుగడుగుల దూరంలో. నేను వాడిని పొట్లంలా ఎత్తి చంకలో పెట్టుకున్నాను. నా భుజం మీద నుంచి అవ్వ వైపు చేతులు చాచి ఏడుస్తూనే ఉన్నాడు.

వాకిలి ముందు హారన్ మోగింది. తిరుపతి ట్రాలీ ఆటో. వెనక బస్తాలు ఒకదాని మీద ఒకటి, తాడు కట్టి ఉన్నాయి. దిగీ దిగగానే మా ముఖాలు చూసి, ఏదో అయిందని అర్థమై, బీడీ పారేశాడు.

"యాడ దించాలె శాంతయ్య మామా? ఎప్పటి తీర్గ లోపటికేనా?"

మామ అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ నా వైపు చూసింది. నేను కిందికి చూశాను.

"ఈడ దించకు" అన్నది అత్తమ్మ.

హమ్మయ్య అనుకున్నాను, నిజం దాచి లాభం లేదు. అంతలోనే ఆమె లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక బట్టల సంచీ, చంకలో బైబిలు ఉన్నాయి. వాకిట్లో కుప్పగా పడి ఉన్న గొంగడిని చుట్టి, అది కూడా భుజాన వేసుకుంది.

"బుజ్జమ్మ ఇంటికాడ దించు తిరుపతీ. నేను గూడ ఆడికే."

"ఏమే, నీకు మతి పోయిందా?" మామ మోకాలు పట్టుకుని లేచాడు. "దాని గడప తొక్కనని అంత మందిల అంటివి."

"అన్న. తొక్కుత." ఆటో వైపు నడుస్తూనే చెప్పింది. "పైసలు బియ్యం డబ్బా కింద ఉన్నయి. నీ మోకాలి నూనె కిటికీల ఉన్నది. పిల్లగాని ముద్ద సన్న మూత డబ్బల ఉన్నది, ఇంత బెల్లం కలిపితెనే తింటడు. సలోమి డ్యూటీకి పోతె నువ్వే పెట్టాలె."

నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఒదిగి అటుపక్కకు జరిగి వెళ్ళింది. మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలింది. పిల్లవాడు ఆమె మీదికి దూకబోయాడు. నేను గట్టిగా పట్టుకున్నాను.

బస్తాల మీద ఎక్కలేక రెండుసార్లు జారింది. తిరుపతి చెయ్యి అందించాడు. ఎక్కి, గొంగడి ఒళ్ళో పెట్టుకుని, ముఖం అటు తిప్పి కూర్చుంది. "అవ్వా, అవ్వా" అని వాడు గొంతు చించుకుంటున్నాడు. వాడి గొంతు అంత బాగా పనిచేస్తున్నందుకు ముందు నాకు సంతోషం కలిగింది. తర్వాత ఆ సంతోషానికి భయం వేసింది.

ఆటో కదిలింది. మా సందు ఇరుకు, తిరుపతి మెల్లగా వెనక్కి తీసి తిప్పుకోవాలి. చాలాసేపు పట్టింది. పిలిస్తే దిగేది. నాకు తెలుసు, మామకు తెలుసు, ఆ గొంగడిని బస్తాల మీదే వదిలేసి వచ్చేది. ఒక్కసారి అత్తమ్మా అంటే చాలు.

నేను అనలేదు.

మలుపు దగ్గర బస్తాల కొన మాత్రం కనిపించింది, తర్వాత అదీ లేదు. మామ అరుగు మీద కూలబడి, తువ్వాలు ముఖం మీద వేసుకున్నాడు. నా చేతిలో ఫోను మోగుతోంది. ఎంతసేపటి నుంచి మోగుతోందో తెలియదు. పూణె నుంచి ప్రశాంత్.

ఎత్తాను.

"ఆశిగాడు ఎట్లున్నడు?"

"మంచిగున్నడు. ఇంటికొచ్చినం."

"దేవుని దయ." అవతల జేసీబీ ఆగిన చప్పుడు, మనుషుల కేకలు. "జర అమ్మకియ్యి ఫోను. రాతిరి నాతోని మస్తు ఏడ్సింది. నన్ను సలోమి ఎల్లగొడ్తదేమోరా అన్నది. పిచ్చిదానివా అమ్మా, సలోమి అట్లాంటి పిల్ల కాదని చెప్పిన. ఇయ్యి, నువ్వే ఒక్క మాట చెప్పు ఆమెకు."